రేపటికి ఎసరెంత?

రొయ్యల చెరువు చేసే రైతెవడూ మేత గుడ్డిగా చల్లడు. మేతలోంచి కాస్త చెక్ ట్రేలో వేసి నీళ్లలోకి దించుతాడు. రెండు గంటలాగి పైకి లాగి చూస్తాడు. ట్రే ఖాళీ అయితే తర్వాతి పూట మేత కొంచెం పెంచుతాడు, మిగిలితే తగ్గిస్తాడు. అసలు ముట్టనే లేదంటే రొయ్యకేదో అయిందని సీసాలో నీళ్లు పట్టుకుని ల్యాబుకి బయల్దేరతాడు. కైకలూరు, కలిదిండి, మండవల్లి, ఆకివీడు వైపు ఏ గట్టు మీద నిలబడినా ఇది కనిపిస్తుంది. చెరువు ఖర్చులో పెద్ద వాటా మేతదే. పైగా మిగిలిన మేత వల్ల డబ్బొక్కటే పోదు, అది అడుక్కి చేరి కుళ్లి నీళ్లు కూడా పాడు చేస్తుంది. అందుకే అంత జాగ్రత్త.

అదే రైతు మధ్యాహ్నం ఊళ్లోకొచ్చి మీ హోటల్లో భోజనానికి కూర్చుంటాడు. మీ వంటింట్లో ఏ ట్రే లేదు. పొద్దున్నే మాస్టర్ వచ్చి "బియ్యం ఎంత పొయ్యమంటారండీ?" అని అడుగుతాడు. మీరు గల్లాలోంచి తలెత్తకుండా "నిన్నంతే పొయ్యి" అంటారు. నిన్న ఎంత మిగిలిందో మీకు తెలీదు. మాస్టర్‌కి తెలిసినా చెప్పడు, చెబితే తన వంటకి వంక పెడతారని భయం. మూడున్నరకి మిగిలిందంతా డ్రమ్ములోకి పోతుంది, సాయంత్రం ఎవరో వచ్చి పట్టుకుపోతారు. "పోన్లెండి, గేదెలన్నా తింటాయి" అని సరిపెట్టుకుంటాం. గేదెకి తవుడు చాలు. బియ్యం కొని, గ్యాసు కాల్చి, మనిషికి జీతమిచ్చి వండి మరీ గేదెకి పెట్టే భాగ్యం ఏ పాడి రైతుకీ లేదు, హోటల్ వాళ్లకే ఉంది.

ఆ "నిన్నంతే" బదులు రేపొద్దున ఏం చెప్పాలో తేల్చుకోవడానికి ఏఐ ఎంతవరకు అక్కరకొస్తుందన్నదే ఈ అధ్యాయం. నా మాట ముందే చెప్పేస్తాను. కైకలూరు మీల్స్ హోటలుకీ తాడేపల్లిగూడెం బిర్యానీ పాయింటుకీ లక్షలు పోసి యంత్రం కొనాల్సిన పని లేదు. ఒక రిజిస్టరు, ఒక కాటా, జేబులో ఇప్పటికే ఉన్న ఫోను చాలు. ఏఐ ఉండేది ఫోనులోనే అయినా బండి నడిచేది మాత్రం రిజిస్టరు మీద.

చెరువులు ఈ దారిలో మనకంటే ముందు నడిచాయి. విజయవాడలో 2012లో మొదలైన ఎరువాక టెక్నాలజీస్ రొయ్యల మేతని యంత్రం చేతికిచ్చింది. నీళ్లలోకి హైడ్రోఫోన్, అంటే నీటి అడుగున పనిచేసే మైకు దించుతారు. రొయ్య మేత కొరికేటప్పుడు టిక్కుటిక్కుమని చప్పుడవుతుంది. ఆ చప్పుడు బట్టి ఆకలి ఎంతుందో అంచనా కట్టి ఆటో ఫీడర్ మేత వదులుతుంది. ఆకలి తీరి చప్పుడు తగ్గితే మేత కూడా తగ్గుతుంది.

పెద్ద వంటిళ్లలో ఇదే పని డస్ట్‌బిన్ దగ్గర జరుగుతోంది. అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో 2004లో మొదలైన లీన్‌పాత్, లండన్‌లో 2013లో పుట్టిన విన్నో ఈ రంగంలో పేరున్నవి. డబ్బా కింద కాటా ఉంటుంది, పైన కెమెరా. ఏదైనా పారేసినప్పుడల్లా కాటా బరువు రాసుకుంటుంది, కెమెరా ఫోటో తీస్తుంది. తొలి రోజుల్లో అది అన్నమో కూరో వంటవాళ్లే స్క్రీన్ మీద నొక్కి చెప్పాల్సి వచ్చేది. ఆ ఫోటోలన్నీ చూసి చూసి యంత్రం తనంతట తాను గుర్తుపట్టడం నేర్చుకుంది. ఐకియా స్టోర్లలోని రెస్టారెంట్లు విన్నోని వాడాయి. మన దగ్గర, బెంగళూరులో అక్షయపాత్ర వంటశాలతో కలిసి యాక్సెంచర్ వాళ్లు 2017లో ఒక ప్రయోగం చేశారు. బడుల నుంచి కాగితాల మీద వచ్చే లెక్కల్ని డిజిటల్ చేసి, మర్నాడు ఎన్ని భోజనాలు కావాలో ఏఐతో అంచనా వేయించారు. ఈ పద్ధతితో అదే వనరులతో 20 శాతం దాకా ఎక్కువ భోజనాలు పెట్టొచ్చని వాళ్ల అంచనా.

ఎందుకింత హడావుడి అంటే, ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022 ఒక్క ఏడాదే ప్రపంచంలో 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో 60 శాతం ఇళ్లలోది, 29 కోట్ల టన్నులు హోటళ్లు, క్యాంటీన్లు, కేటరింగ్‌లది. 12 దేశాల్లో 114 రెస్టారెంట్లని పరిశీలించి 2019లో వేసిన లెక్కలో, వృథా తగ్గించడానికి పెట్టిన ప్రతి డాలరుకీ సగటున 7 డాలర్లు మిగిలినట్టు తేలింది. ఆ సంగతి అలా ఉంచి మన గుండిగ దగ్గరికి వద్దాం.

రాత్రి పదింటి పేజీ

వంటింట్లో మూడు బకెట్లు పెట్టండి. ఒకదాంట్లో వంటకి ముందే పోయేది: తొక్కలు, కుళ్లిన ఉల్లిపాయలు, చేప తలలు, పొలుసు. రెండోదాంట్లో వండాక ఎవరికీ వడ్డించకుండా మిగిలింది. మూడోదాంట్లో విస్తళ్లలో వదిలేసింది. మూడూ కలిపి ఒకే డ్రమ్ములో పోస్తే ఎంత పోయిందో తెలుస్తుంది గానీ ఎవరి వల్ల పోయిందో తెలీదు. మొదటిది కొనేవాడి చేతిలో ఉంటుంది, రెండోది ఎసరు పెట్టమని చెప్పినవాడి మీద, అంటే మీ మీద ఉంటుంది, మూడోది వడ్డించేవాడి గరిటెలో ఉంటుంది.

కాటా కొనేటప్పుడు 30 కిలోల దాకా తూచేది, ఖాళీ బకెట్ పెట్టి సున్నా చేసే బటన్ ఉన్నది చూసుకోండి. ఆ బటన్ లేకపోతే రెండో రోజు నుంచి బకెట్ బరువు తీసెయ్యడం మర్చిపోతారు.

రోజూ రాత్రి పదింటికి ఈ తూకాలన్నీ రిజిస్టరులో ఒక పేజీకి ఎక్కించండి. ఆ పేజీ ఎలా ఉండాలో ఒక నమూనా చూపిస్తాను. అంకెలు నేను వేసినవే, మీవి వేరుగా ఉంటాయి.

"మంగళవారం, మధ్యాహ్నం. బియ్యం 18 కిలోలు. మీల్స్ 96. పార్శిల్ 21. అన్నం మిగిలింది 7 కిలోలు. సాంబారు 4 లీటర్లు మిగిలింది. పప్పు అయిపోయింది, 1:50కి. దొండకాయ వేపుడు 2 కిలోలు మిగిలింది. విస్తళ్లలో 9 కిలోలు. పొద్దున్నుంచీ వాన. ఊళ్లో పెళ్లి."

ఇందులో అన్నిటికంటే విలువైన మాట ఏదని అడిగితే చాలామంది 7 కిలోల అన్నం చూపిస్తారు. నేను "1:50కి" చూపిస్తాను. పప్పు ఆ టైముకే అయిపోయిందంటే తర్వాత వచ్చినవాళ్లు ఎంతమంది అడిగారో మీ బిల్లుల్లో కనిపించదు. బిల్లు పుస్తకానికి అమ్మింది తెలుసు, అడిగింది తెలీదు. టైము రాయకుండా బిల్లులు మాత్రమే ఏఐకి ఇస్తే, "ఆ రోజు గిరాకీ ఇంతే" అనుకుని మర్నాటికి ఇంకా తక్కువ చెబుతుంది. తక్కువ వండితే ఇంకా ముందే అయిపోతుంది, అది చూసి మళ్లీ తగ్గించమంటుంది. వృథా తగ్గిందని మీరు సంతోషిస్తూ ఉండగానే మీ ఖాతాదారులు ఎదురు హోటలుకి అలవాటు పడిపోతారు. మిగిలింది కిలోల్లో రాయండి, అయిపోయింది గంటల్లో రాయండి. ఏ వంటకైనా ఈ రెండిట్లో ఏదో ఒకటి పేజీ మీద ఉండాలి.

రాయడం బద్ధకమైతే ఫోనులో తెలుగు వాయిస్ టైపింగ్ ఉంది, మాట్లాడి పంపండి. చేత్తో రాసిన పేజీని ఫోటో తీసి చాట్‌జీపీటీకో జెమినీకో ఇచ్చి "పట్టికలా చెయ్యి" అన్నా చేస్తుంది. కాకపోతే గల్లా దగ్గర గబగబా గీసిన తెలుగు రాతలో 1, 7 తేడా దానికి ఒక్కోసారి అందదు. మొదటి రెండు వారాలు ప్రతి అంకె మీద కంటిచూపు పడాలి.

డబ్బా ఫోటో తీసి ఇస్తే బరువు చెప్పదా అని కూడా అడుగుతారు. అన్నమో ఇడ్లీయో చెబుతుంది. బరువు మాత్రం ఊహే. పైన పరుచుకున్న నాలుగు మెతుకులే కనిపిస్తాయి గానీ అడుగున ఏముందో ఫోటోకి ఎలా తెలుస్తుంది? సాంబారులో పప్పు కలిసిందంటే ఇక చెప్పనే అక్కర్లేదు. కాటా పని కాటాకే వదిలెయ్యండి.

ఊరికి తెలిసింది యంత్రానికి చెప్పాలి

లండన్ వాళ్ల సాఫ్ట్‌వేర్‌కి ఆదివారం తెలుసు, క్రిస్మస్ తెలుసు. కార్తీక సోమవారం కైకలూరులో చేపల పులుసు గిన్నె ఎందుకు కదలదో దానికి తెలీదు. మన హోటళ్లలో గిరాకీ వారంతో పాటు తిథితో, మాలతో, ముహూర్తంతో నడుస్తుంది. కార్తీకం వచ్చిందంటే మాంసాహారం తగ్గుతుంది, ఆ వెంటే అయ్యప్ప మాలలు మొదలై సంక్రాంతి దాకా సాగుతాయి. శనివారం వెంకన్న వారమని కొందరు, గురువారం సాయిబాబా వారమని కొందరు నీచు ముట్టరు. శ్రావణ శుక్రవారాల లెక్క వేరు. మూఢంలో పెళ్లిళ్లుండవు కాబట్టి కేటరింగ్ పడుకుంటుంది. ముహూర్తాల రోజుల్లో కేటరింగ్ లేస్తుంది గానీ హోటల్లో మీల్స్ పడిపోతాయి. చిన్న ఊళ్లో పెద్ద పెళ్లి ఉందంటే సగం ఊరు అక్కడే భోజనం చేస్తుంది మరి.

ఇవి కాక మన ప్రాంతానికే చెందినవి మరికొన్ని ఉన్నాయి. చెరువు పట్టుబడి ఉన్న రోజున తెల్లారకముందే వలలు లాగే కూలీలు, ఐసు కొట్టేవాళ్లు, లారీ డ్రైవర్లు టిఫిన్‌కి దిగుతారు. ఏ చెరువు పట్టుబడి ఎప్పుడో వ్యాపారులకి ముందు రోజే తెలుస్తుంది, మీకూ ఒక ఫోన్ కొడితే తెలుస్తుంది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి కైకలూరు మీదుగా జనం పోతారు. చలికాలం ఆటపాకలో పెలికాన్ కొంగల్ని చూడ్డానికి ఆదివారాలు కార్లొస్తాయి. ఏలూరు, భీమడోలు వైపు హోటళ్లకైతే శనివారం ద్వారకా తిరుమల యాత్రికులు పెద్ద లెక్క. సంక్రాంతి మూడు రోజులూ దేనికదే. భోగి నాటి మెనూ కనుమకి పనికిరాదు.

ఏడాది మొత్తానికి పంచాంగం చూసి ఒక పట్టిక వేసుకోండి: తేదీ, వారం, మాసం, ముహూర్తం ఉందా, మాలలున్నాయా, జాతర, పరీక్షలు, సెలవు. పండగ తేదీలు ఏఐని అడగొద్దు. అది తప్పు తేదీని కూడా గుడి పూజారి చెప్పినంత ధీమాగా చెబుతుంది. మీ గోడ మీద క్యాలెండరు నమ్మదగ్గది.

కొన్ని రోజుల్ని మాత్రం లెక్కలోంచి తీసెయ్యాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి కొల్లేట్లో పడినప్పటి లాంటి రోజులు అవి. ఆ వారం మీ గిరాకీ మీ గిరాకీ కాదు. వాటి పక్కన "వరద" అని రాసి, అంచనాకి వాడొద్దని ఏఐకి చెప్పండి. లేకపోతే వచ్చే సెప్టెంబరులో ఎండ కాస్తున్నా ఎసరు సగానికి దించమంటుంది.

అడిగే తీరు

ఎనిమిది వారాల లెక్క చేతికొచ్చాక అడగడం మొదలుపెట్టండి. అంతకుముందు అడిగినా జవాబిస్తుంది, మొహమాటం దానికి ఉండదు గనక. కానీ రెండు మంగళవారాలు చూసి మూడో మంగళవారం చెప్పడం జోస్యమే అవుతుంది. ఇలా అడిగి చూడండి:

"నాది కైకలూరులో మీల్స్ హోటల్. గత 8 వారాల లెక్క ఈ పట్టికలో ఉంది. 'అయిపోయింది' అని టైము రాసిన రోజుల్లో అడిగినవాళ్లు అమ్మినదానికంటే ఎక్కువని గుర్తుంచుకో. రేపు గురువారం, కార్తీక మాసం, వాన వచ్చేలా ఉంది, ఊళ్లో ఒక పెద్ద పెళ్లి. రేపు మధ్యాహ్నం ఎన్ని మీల్స్ పోవచ్చో ఒకే అంకె చెప్పకు. తక్కువైతే ఎంత, మామూలుగా ఎంత, ఎక్కువైతే ఎంత అని మూడు చెప్పు. ఏ పాత రోజుల్ని చూసి చెప్పావో తేదీలతో చూపించు. పట్టికలో లేనిది ఊహించొద్దు. లెక్క చాలకపోతే చాలదని చెప్పు."

తేదీలు చూపించమనడం చాలా ముఖ్యం. అది చూపించిన తేదీ మీ రిజిస్టరులో లేకపోతే ఆ జవాబు మొత్తం పక్కన పెట్టెయ్యండి. కూడికల్లో కూడా ఇది తడబడుతుంది. చాట్‌లో నోటి లెక్క చేయించే బదులు గూగుల్ షీట్స్‌లో పెట్టుకునే ఫార్ములా రాసిమ్మని అడగండి, ఒక వరుస మీరే క్యాలిక్యులేటరు మీద సరిచూడండి. షీట్ తయారుచేయడం మీ వల్ల కాకపోతే మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లాడు ఆదివారం పూట చేసిపెడతాడు. తాడేపల్లిగూడెం వాళ్లకైతే ఊళ్లోనే నిట్ ఉంది. 2015 నుంచి నడుస్తున్న ఆ కాలేజీ పిల్లలు మీ హోటల్‌కి టిఫిన్‌కి వచ్చినప్పుడు అడిగి చూడండి, నాలుగు దోసెలకి మంచి షీట్ వస్తుంది.

జవాబు వచ్చింది కదా అని వెంటనే దాని మాట మీద ఎసరు పెట్టొద్దు. ఒక నెల పోటీ పెట్టండి. రోజూ మూడు అంకెలు రాసుకోవాలి: ఏఐ చెప్పింది, మాస్టర్ చెప్పింది, పోయిన వారం ఇదే రోజు అమ్మింది. సాయంత్రం అసలు అంకె రాసి, ఎవరు ఎంత తప్పారో తీసెయ్యండి. నెలాఖరుకి తప్పులు కూడితే ఎవరి మాట వినాలో అదే తెలుస్తుంది. ఏమీ ఆలోచించకుండా చెప్పిన "పోయిన వారం ఇదే రోజు" కంటే ఏఐ మెరుగ్గా లేకపోతే దానికి మీరిచ్చిన సమాచారం చాలట్లేదన్నమాట. మామూలు రోజుల్లో అనుభవమున్న మాస్టర్‌ని ఓడించడం దానికి కష్టమే. పెళ్లి, వాన, మాలలు అన్నీ ఒకేసారి మీదపడ్డ రోజున మనిషి తికమక పడతాడు, లెక్క నిలబడేది అక్కడ.

సగటు వండితే నష్టం

అంచనా వచ్చింది. దాన్నే వండాలా? ఇక్కడ హోటల్ వాళ్లు, ఏఐ ఇద్దరూ ఒకే పొరపాటు చేస్తారు: సగటు తీసి అంతే వండుతారు.

ఒక బిర్యానీ పాయింటు అనుకుందాం. ప్లేటు 200 రూపాయలు. బియ్యం, చికెన్, నూనె, మసాలా, గ్యాసు కలిపి ఖర్చు 120. ఒక ప్లేటు తక్కువ వండి ఒకాయన్ని వెనక్కి పంపితే పోయే లాభం 80. ఒక ప్లేటు ఎక్కువ వండి రాత్రి పదకొండింటికి పారేస్తే పోయే డబ్బు 120. ఎక్కువ వండడం తక్కువ వండడం కంటే ఖరీదైన తప్పు. అలాంటప్పుడు మధ్యలో నిలబడితే ఎలా? తక్కువ వైపే ఒరగాలి. ఎంత ఒరగాలో చెప్పడానికి చిన్న లెక్క ఉంది. 80ని, 80, 120ల మొత్తం 200తో భాగిస్తే 0.4. అంటే పది ఆదివారాల్లో నాలుగింట్లో అందరికీ సరిపోయేంత, ఆరింట్లో కొంచెం ముందే అయిపోయేంత వండితే లాభం గరిష్ఠం.

గత పది ఆదివారాలు అడిగిన ప్లేట్లు చిన్నదాన్నుంచి పెద్దదానికి పేర్చండి: 62, 66, 70, 71, 74, 78, 80, 85, 92, 110. సగటు 79 దాకా వస్తుంది. మన లెక్క నాలుగో అంకె చూడమంటోంది, 71. ఆ 110 ప్లేట్ల ఆదివారం ఒక్కటే సగటుని పైకి లాగిందని గమనించండి. ప్రతి హోటల్ యజమాని తలలోనూ అలాంటి ఆదివారం ఒకటి కూర్చుని ఉంటుంది. ఆ రోజు గిరాకీ అందుకోలేకపోయామన్న బాధతో ఏడాది పొడుగునా ఎక్కువ వండుతాడు.

వెనక్కి వెళ్లిన మనిషి 80 రూపాయలతో పోడు, మళ్లీ రాడేమో అన్న భయం కూడా నిజమే. ఆ భయానికి 40 రూపాయలు వెల కట్టారనుకోండి. 120ని 240తో భాగిస్తే 0.5. ఐదో అంకె, 74. ఎంత వెల కట్టాలో ఏఐ చెప్పలేదు, మీ గల్లా దగ్గర నిలబడి మొహాలు చూసేది మీరే. రోజూ వచ్చే టీచర్లు, బ్యాంకు వాళ్లు ఎక్కువున్న హోటల్‌కి వెల ఎక్కువ. పామర్రు నుంచి పాలకొల్లు పోయే హైవే మీద ఒక్కసారి ఆగి పోయే కార్లవాళ్లకి తక్కువ.

మీల్స్‌కి ఇదే లెక్క తిరగబడుతుంది. ధర 120, ఖర్చు 50 అనుకుంటే తక్కువ వండితే పోయేది 70, మిగిలితే పోయేది 50. భాగిస్తే 0.58. అక్కడ కాస్త ఎక్కువ వైపే ఉండాలి. చేపల పులుసుది ఇంకో దారి. సరిగ్గా చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మర్నాటికి రుచి పెరుగుతుంది గానీ తగ్గదు, మిగిలినా నష్టం తక్కువ. కొబ్బరి చట్నీ మధ్యాహ్నానికే పులుస్తుంది. వంటకి వంటకి వేరే అంకె ఉంటుంది. ఈ భాగహారం ఒకసారి షీట్‌లో పెట్టిస్తే ప్రతి వంటకీ రోజూ అదే చెబుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకి బిర్యానీ అయిపోయిందని బోర్డు తిప్పడం పరువు తక్కువని మన వాళ్లలో ఒక భావన ఉంది. పది రోజుల్లో ఆరు రోజులు బోర్డు తిరగడం ఆ వ్యాపారానికి ఆరోగ్యమని నేనంటాను. ఒప్పుకోనివాళ్లు ఒక నెల ఆ 120లు కూడి చూసుకోవచ్చు.

విస్తరి, గరిటె, మనుషులు

విస్తట్లో వదిలేసిన 9 కిలోలకి ఏఐ అక్కర్లేదు. అన్నం ఎంతైనా పెడతామన్న హోటల్లో మొదటి గరిటెకే కొండ పోస్తే ఎంగిలి విస్తట్లో అన్నం మిగలకుండా ఎలా ఉంటుంది? మొదట చిన్న గరిటె, రెండోసారి అడగకముందే వచ్చి "అన్నం పెట్టమంటారా అండీ?" అన్న మాట. అడిగినవాడు తింటాడు. ఏ కూర ఎక్కువ మిగులుతోందో వారానికోసారి ఏఐకి ఇచ్చి "రోజుల వారీగా ఏది వదులుతున్నారు?" అని మాత్రం అడగండి. ఫలానా వేపుడు మంగళవారమే మిగులుతోందంటే, ఆ రోజు ఎవరు చేస్తున్నారో చూడాలి.

ఇక మనుషుల సంగతి. "7 కిలోలు మిగిలింది, నీ జీతంలో కోస్తా" అన్న రోజే మీ రిజిస్టరు చచ్చిపోతుంది. రెండో రోజు నుంచి పేజీ మీద 2 కిలోలే ఉంటుంది, మిగతా 5 తూకం వేయకుండానే దొడ్డిదారిన పోతుంది. తప్పుడు అంకెల మీద ఏఐ కూడా తప్పుడు అంచనాలే వేస్తుంది. ఎసరు ఎంతో చెప్పింది మీరు కాబట్టి మిగిలింది మీ ఖాతా అని మొదటి రోజే మాస్టర్‌తో చెప్పండి. తూకం పని సప్లయర్లలో ఒకరికి అప్పగించి నెలకి కొంత విడిగా ఇవ్వండి. తగ్గిన ఖర్చులో వంటింటికి వాటా ఇస్తే ఇంకా మంచిది. వాటా ఇచ్చే హోటల్లో ఉల్లిపాయ తొక్క కూడా పల్చగా వస్తుంది. తాడేపల్లిగూడెం మార్కెట్లో చవకగా దొరికిందని పది బస్తాలు దింపించి, అడుగు బస్తాలు కుళ్లాక పారేసే అలవాటు ఉంటే మాత్రం ఆ తప్పు వంటింటిది కాదు. మొదటి బకెట్ ఆ సంగతి చెప్పేస్తుంది.

ఎంత లెక్క వేసినా కొంత మిగులుతుంది. దాన్ని పంచాలంటే వేళ ముఖ్యం. 5 డిగ్రీలకి పైన, 60 డిగ్రీలకి కింద ఉన్న వేడిలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. అన్నం విషయంలో మరీ జాగ్రత్త. బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి ఎసట్లో ఉడికినా చావని రూపంలో గింజలోనే ఉండి, అన్నం గోరువెచ్చగా గంటల తరబడి ఉంటే మళ్లీ పెరుగుతుంది. అది వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు. మధ్యాహ్నం మూడున్నరకి మిగిలింది రాత్రి తొమ్మిదింటికి పంచితే పుణ్యం కాదు, వాంతులు. మిగిలిన ఆహారాన్ని సేకరించి పంచడానికి ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లో ప్రత్యేకంగా నిబంధనలు తెచ్చింది. రాబిన్‌హుడ్ ఆర్మీ లాంటి వాలంటీర్ల బృందాలు దగ్గర్లో ఉంటే ముందే మాట్లాడి పెట్టుకోండి. అంచనా పద్ధతి వల్ల ఇక్కడ ఒక లాభం ఉంది. రెండింటికే, ఇంకా వేడిగా ఉండగానే, ఎంత మిగలబోతోందో మీకు తెలిసిపోతుంది. ఫోన్ అప్పుడు చెయ్యాలి. విస్తళ్లలో వదిలింది మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

మూడు నెలలు గడిచాక అన్నీ తూచాల్సిన పని ఉండదు. ఎక్కువ డబ్బు పోతున్న నాలుగు వంటలు ఏవో అప్పటికి తెలుస్తుంది, మామూలు రోజుల్లో వాటినే తూచండి. సంక్రాంతి మూడు రోజులూ, జాతర రోజులూ, కార్తీకంలో మొదటి వారమూ మాత్రం మళ్లీ మూడు బకెట్లూ బయటికి తీయండి. ఏడాదికోసారి వచ్చే రోజులకి ఏడాదికో పేజీయే దొరుకుతుంది, అది పోతే మళ్లీ ఏడాదంతా ఆగాలి. రిజిస్టరు పాతబడితే పారేయకుండా పేజీలన్నీ ఫోటో తీసి ఫోనులో ఒక ఫోల్డరులో పెట్టుకోండి. ఎలకలు బియ్యం బస్తాతో పాటు పుస్తకాలూ కొడతాయి.